చేతుల్లో ఉన్న భాషకు మన వాడ నుంచి దుబాసీలు కావాలె

(ఖిలా వరంగల్‌లో వాడ యువకులు, కార్యకర్తలు కూర్చున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మేం మాట్లాడబోయేది చెవులు వినపడని మనవాళ్ళ గురించి. వాళ్ళ మీద జాలి పడండి అని చెప్పటానికి రాలేదు. జాలి మనకు ఎంత పెట్టిందో మనందరికీ తెలుసు. మేం మాట్లాడేది భాష గురించి, చదువు గురించి, కొలువు గురించి. ఇంటర్ పాసై, డిగ్రీ పాసై, తర్వాత ఏం చేయాలో తోచక ఈ మట్టికోట కట్ట మీద పొద్దు గడుపుతున్న మన పిల్లలకు ఒక తోవ ఉన్నది. ఆ తోవల పోతే వాళ్ళకు కొలువు దొరుకుతది. వాడలో ఎవరితోటీ మాట కలవక ఒంటరిగా బతుకుతున్న మనిషికి మాట దొరుకుతది. ఈ రెండూ ఒక్క పనితోటి అయ్యేటివి.

ముందు పేరు సంగతి. చెవిటోడు, మూగోడు అనే మాటలు మన ఊళ్ళల్ల పేర్లూ అవే, తిట్లూ అవే. ఎవరన్నా మాట వినకపోతే ‘చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు’ అని సామెత చెప్తరు. ఇది మనకు కొత్త గాదు. మన కులాల పేర్లను గూడా తిట్లు చేసి వాడిండ్రు. దయతోటి ‘హరిజనులు’ అని పేరు పెడితే అదీ వద్దని, మేం దళితులం అని మన పేరు మనమే చెప్పుకున్నం. వినపడని వాళ్ళ మాటా అదే. ‘చెవిటి-మూగ’ అంటే వాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళల్ల చాలామందికి గొంతులో ఏ లోపమూ లేదు. మాట చెవిన పడలేదు కనుక నోటికి రాలేదు, అంతే. అసలు వాళ్ళు మూగవాళ్ళే కారు. వాళ్ళకు భాష ఉన్నది, అది చేతుల్లో ఉన్నది. కాగితాల మీద బధిరులు అంటున్నరు, వాళ్ళల్ల వాళ్ళు ‘డెఫ్’ అని చెప్పుకుంటున్నరు. మేం బధిరులు అనే మాటే వాడుతం.

ఎంతమంది ఉన్నరు? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల 71 వేల మంది. మాట లోపం కింద రాసుకున్నవాళ్ళు ఇంకో 19 లక్షల 98 వేలు. అదే లెక్కల్లో ఇంకో సంగతి చూడుండ్రి. దేశ జనాభా మొత్తంలో వికలాంగులు 2.21 శాతం, షెడ్యూల్డు కులాల్లో 2.45 శాతం. ఈ తేడా దేవుడు పెట్టింది గాదు. చెవిలో చీము కారుతుంటే మందుకు పైసలు లేక నూనె పోసి ఊరుకునే ఇల్లు ఎవరిది? గర్భంతో ఉన్నప్పుడు రుబెల్లా సోకినా, పుట్టిన బిడ్డకు కామెర్లు ముదిరినా, మెదడు జ్వరం వచ్చినా టైముకు ఆస్పత్రికి చేరలేనిది ఎవరు? రాళ్ళ క్వారీలో, క్రషర్ల కాడ చెవులకు అడ్డం లేకుండా పని చేసేది ఎవరు? మన వరంగల్‌లో 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడ్డది. అట్లాంటి మిల్లులో మగ్గాల రొద నడుమ ఏండ్లకేండ్లు నిలబడ్డ కార్మికుని చెవి ఏమైతదో అతని ఇంట్లోవాళ్ళని అడిగితే చెప్తరు. మేనరికాల వల్ల పుట్టు చెవుడు పెరుగుతదని డాక్టర్లు చెప్తున్నరు. అది అన్ని కులాల్లో ఉన్నదే. కానీ చూపించుకునే తాహతు అన్ని కులాలకు ఒక్క తీరుగ లేదు.

ఇగ భాష దగ్గరికి వద్దాం. మన వాడలో బధిర పిల్లగాడు ఉంటే ఏం జరుగుతది? అవ్వ, అక్క, తమ్ముడు కలిసి కొన్ని సైగలు పుట్టించుకుంటరు. అన్నం, నీళ్ళు, రా, పో, కొడత, నాయిన వచ్చిండు. ఇవి ఇంటి సైగలు. ఆ ఇల్లు దాటితే అవి చెల్లవు. వాటితోటి ‘ఆకలైతుంది’ అని చెప్పొచ్చు గానీ ‘నాకు కూలి తక్కువ ఇచ్చిండు’ అని చెప్పాలంటే తిప్పలు. ‘నాకు ఈ పెండ్లి ఇష్టం లేదు’ అని చెప్పటం ఇంకా కష్టం.

ఇంటి సైగలు వేరు, భారతీయ సంకేత భాష వేరు. బడుల్లో, హాస్టళ్ళలో, పట్నాల్లో బధిరులు ఒక్కచోట చేరిన కాడ తరతరాలుగా పెరిగిన భాష అది. అది చేతులతోటి చెప్పే తెలుగు గాదు, ఇంగ్లీషూ గాదు. దానికి దాని వ్యాకరణం ఉన్నది. ప్రశ్న వేసే మాట అందులో చివర వస్తది, ‘నీ ఊరు ఎక్కడ’ అన్నట్టు. అవునా కాదా అని అడగాలంటే కనుబొమ్మలు లేస్తయి. ‘ఇచ్చుడు’ అనే సైగ ఇచ్చినవాని దిక్కు నుంచి తీసుకున్నవాని దిక్కుకు నడుస్తది, ఎవరు ఎవరికి ఇచ్చిండ్రో వేరే చెప్పే పని లేదు. ప్రాంతానికొక యాస ఉంటది, మన తెలుగుకు ఉన్నట్టే. 1970లలో మదన్ వశిష్ఠ, జేమ్స్ వుడ్‌వర్డ్ వంటి పరిశోధకులు ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగుళూరు బధిరుల సైగలను పోల్చి చూసి, ఇది భాషే అని రాసిండ్రు. ఈ మదన్ వశిష్ఠ స్వయంగా బధిరుడు, హిమాచల్ కొండ పల్లెల్లో పుట్టి పెరిగినవాడు.

భాష అయినప్పుడు ఇన్నేండ్లు బడుల్లో ఎందుకు లేదు? దానికొక చరిత్ర ఉన్నది. 1880లో ఇటలీలోని మిలాన్ పట్నంలో బధిరులకు చదువు చెప్పే పంతుళ్ళ మహాసభ జరిగింది. వచ్చింది 164 మంది ప్రతినిధులు. వాళ్ళల్ల బధిరుడు ఒకే ఒక్కడు. బధిరుల బడుల్లో సైగలు బందు పెట్టాలె, పెదాలు చూసి మాట నేర్వాలె అని ఆ సభ తీర్మానం చేసింది. ఆ తీర్మానం దేశదేశాలకు పాకింది. మన దేశంలో కూడా పిల్లలు చేతులతోటి మాట్లాడుకుంటే చేతుల మీద కొట్టిన బడులు ఉన్నయి. తరగతిలో సైగ నేరం, హాస్టల్ గదిలో అదే ప్రాణం. ఆ తీర్మానం తప్పని, దానికి చింతిస్తున్నమని 2010లో వాంకోవర్ మహాసభ ఒప్పుకున్నది. 130 ఏండ్లు పట్టింది. మన గురించి మనం లేని చోట తీర్మానం చేస్తే ఎట్లుంటదో ఈ వాడకు వేరే చెప్పాల్నా?

దానికి జవాబు గూడా చరిత్రలోనే ఉన్నది. అమెరికాలో గాలొడెట్ అనే బధిరుల విశ్వవిద్యాలయం ఉన్నది, 1864లో మొదలైంది. 1988 దాకా, అంటే 124 ఏండ్లు, దానికి ఒక్క బధిరుడు కూడా అధ్యక్షుడు కాలేదు. ఆ ఏడు మార్చిలో మళ్ళీ వినికిడి ఉన్న మనిషినే, సంకేత భాష రాని మనిషినే తెచ్చి పెట్టిండ్రు. విద్యార్థులు గేట్లు మూసి కూర్చున్నరు. వారం రోజుల్లో ఆమె తప్పుకున్నది, కింగ్ జోర్డన్ అనే బధిరుడు అధ్యక్షుడైండు. ఎవరో వచ్చి ఉద్ధరిస్తరని వాళ్ళు ఎదురుచూడలేదు.

ఇప్పుడు మన పిల్లల కొలువుల సంగతి. జాగ్రత్తగా వినుండ్రి, రాసుకోండ్రి.

మొదటిది, సంకేత భాష దుబాసి పని. బధిరుడు చేతులతో చెప్పింది నోటితో చెప్పాలె, నోటితో అన్నది చేతులతో చెప్పాలె. ఢిల్లీలో 2015లో భారతీయ సంకేత భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం పెట్టిండ్రు. ఇంటర్ పాసైనవాళ్ళకు రెండేండ్ల దుబాసి డిప్లొమా ఉన్నది. మనకు దగ్గరగా సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. 1983లో బొంబాయిలో మొదలైన సంస్థ అది. అలీ యావర్ జంగ్ మన హైదరాబాద్ మనిషే, ఉస్మానియాకు వైస్ చాన్సలర్‌గా చేసినవాడు.

రెండోది, ఇది బధిరులకే. సంకేత భాషను నేర్పే పంతులు పని. ఇంటర్ పాసైన బధిరులకు దీనికి కూడా రెండేండ్ల డిప్లొమా ఉన్నది. తెలుగు మాట్లాడేవాళ్ళ మధ్య పుట్టినవాడు తెలుగు నేర్పినట్టు, సంకేత భాషను బధిరుడే నేర్పాలె. మన వాడలో బధిర బిడ్డ ఇంటర్ దాకా చదివితే ఆమె ముందు ఈ తోవ కూడా ఉన్నదని మరువద్దు.

మూడోది, ప్రత్యేక ఉపాధ్యాయుల పోస్టులు. ఇంటర్ తర్వాత డి.ఎడ్., డిగ్రీ తర్వాత బి.ఎడ్. ప్రత్యేక విద్య, వినికిడి లోపం విభాగంలో చేయాలె. 2021లో సుప్రీంకోర్టు చెప్పింది: ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న 10 మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు, పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలని. 2025 మార్చిలో రాష్ట్రాలు పోస్టులు మంజూరు చేసి ప్రకటించాలని మళ్ళీ ఆదేశించింది. తెలంగాణ 2024 డీఎస్సీలో 11,062 పోస్టులుంటే అందులో 1,016 ప్రత్యేక విద్యవే. స్కూల్ అసిస్టెంట్లు 220, ఎస్జీటీలు 796. మామూలు బి.ఎడ్.కు వందలమంది పోటీ పడుతుంటే ఈ దిక్కు చూసేవాళ్ళు తక్కువ. మలక్‌పేట, కరీంనగర్, మిర్యాలగూడ బధిరుల ప్రభుత్వ బడులు మీకు తెలిసినవే. ఇప్పుడు మామూలు బడుల్లో కూడా ఈ పంతుళ్ళు ఉండాలె.

నాలుగోది, వినికిడి పరీక్ష చేసే ఆడియాలజిస్టు, మాట నేర్పే స్పీచ్ థెరపిస్టు. ఇంటర్‌లో సైన్సు చదివినవాళ్ళకు నాలుగేండ్ల డిగ్రీ.

ఒక్క హెచ్చరిక. దుబాసీలు అయినా, ప్రత్యేక పంతుళ్ళు అయినా, ఆడియాలజిస్టులు అయినా భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, ఒప్పుకున్న కాలేజీల చదవాలె. 1992 చట్టం ప్రకారం ఆ మండలి రిజిస్టరులో పేరు ఎక్కితేనే ఆ పని చేయనిస్తరు. బోర్డు చూసి ఫీజు కట్టి మోసపోవద్దు. మండలి జాబితాలో కాలేజీ పేరు ఉన్నదో లేదో ముందు చూసుకోవాలె. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆ కోర్సుకు ఇస్తున్నరో లేదో చేరే ముందే అడగాలె.

బధిరుల సొంత ఉద్యోగాల సంగతి కూడా చెప్పుకోవాలె. 1995 చట్టం వికలాంగులకు ప్రభుత్వ కొలువుల్లో 3 శాతం ఇచ్చింది. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది, అందులో 1 శాతం బధిరులకు, వినికిడి తగ్గినవాళ్ళకు. పై చదువుల్లో వికలాంగులకు 5 శాతం. 1992 మండల్ తీర్పులో చెప్పినట్టు ఎస్సీ రిజర్వేషన్ నిలువుది, వికలాంగుల రిజర్వేషన్ అడ్డంది. ఒకటి తీసుకుంటే ఇంకోటి పోదు. ఎస్సీ బధిరుడు వికలాంగుల కోటాలో ఎంపికైతే ఎస్సీ లెక్కలోనే కూర్చుంటడు. అందుకే కులం సర్టిఫికెట్, వికలాంగ సర్టిఫికెట్ రెండూ చేతిల ఉండాలె. 40 శాతం లోపం ఉంటేనే ఈ కోటాలు. సర్టిఫికెట్ అంటే పింఛను కోసమే అనుకునే ఇండ్లు ఉన్నయి. పింఛను తీసుకోవలసిందే, అది హక్కు. కానీ పింఛను వస్తున్నది గదా, ఇగ బడి ఎందుకు అనుకుంటే ఆ బిడ్డ బతుకు అక్కడనే ఆగుతది.

ఇంతదాకా కొలువు అన్నం. ఇప్పుడు అసలు సంగతి. దుబాసి లేకపోతే ఏం జరుగుతదో చూడుండ్రి.

ఒక బధిర ఆడబిడ్డ మీద అత్యాచారం జరిగింది అనుకోండ్రి. కులం చూసి, నోరు లేదని చూసి, చెప్పుకోలేదనే ధైర్యంతోటి చేస్తరు. స్టేషన్‌లో ఆమె చేతులు ఏం చెప్తున్నయో ఎస్సైకి తెల్వదు. తోడొచ్చిన చుట్టం తనకు తోచింది చెప్తడు. ఆ తోడొచ్చినవాణ్ణి అవతలివాళ్ళు పైసలతో కొనొచ్చు, భయపెట్టొచ్చు. కాగితం మీద వాంగ్మూలం వంకర అయితది, కోర్టులో కేసు పోతది. ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 నుంచి ఉన్నా ఆమెకు అందదు.

చట్టం ఇట్ల ఉండమనలేదు. 2013లో వచ్చిన సవరణ, 2024 జూలై 1 నుంచి అమలైన నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ చెప్పేది ఏంది? లైంగిక నేరం జరిగిన ఆడమనిషి వికలాంగురాలైతే పోలీసులే ఆమె ఇంటికి, లేదా ఆమె చెప్పిన చోటికి పోవాలె. దుబాసి లేదా ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండగా రాసుకోవాలె, వీడియో తీయాలె. సాక్ష్య చట్టం కూడా మాట రాని సాక్షి సైగలతో చెప్పింది సాక్ష్యమే అంటది. పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం ప్రత్యేక ఉపాధ్యాయుని సాయం తీసుకోమంటది. కాగితం మీద అన్నీ ఉన్నయి. స్టేషన్‌కు రావటానికి మనిషే లేడు. ఆ మనిషి మన వాడ నుంచి తయారు కావాలె అని మేం అంటున్నం. అతనికి ఆ బిడ్డ సంకేత భాషా తెలియాలె, ఆమె వాడ బతుకూ తెలియాలె.

ఆస్పత్రిలో గూడా ఇదే కథ. కాన్పుకు పోయిన బధిరురాలిని డాక్టరు ఏమీ అడగడు, పక్కనున్న అత్తను అడుగుతడు. ఆపరేషన్ చేయాల్నా వద్దా అనేది ఆమెకు తెల్వకుండనే తేలిపోతది. బొటనవేలు మాత్రం ఆమెదే.

సాధ్యమేనా అంటరేమో. 2023 సెప్టెంబరులో సారా సన్నీ అనే బధిర న్యాయవాది సుప్రీంకోర్టులో సంకేత భాషలో వాదించింది. దుబాసి ఆమె చేతుల మాటను జడ్జీలకు వినిపించిండు. ఢిల్లీలో అయింది వరంగల్ కోర్టులో ఎందుకు కాదు?

అయితే ఒక మాట గట్టిగ చెప్పాలె. కంపెనీ రోజుల్లో దొరకూ రైతుకూ నడుమ నిలబడి రెండు దిక్కులా తిన్న దుబాసీలు ఉన్నరు. మనం అట్లాంటివాళ్ళను తయారు చేయొద్దు. దుబాసి తన మాట కలపరాదు, వాళ్ళ మాట తీయరాదు. విన్నది బయట చెప్పరాదు. బధిరుని బదులు తను జవాబు చెప్పరాదు. బధిరుల సంఘం ముందు నడవాలె, దుబాసి పక్కన నడవాలె. మన తరఫున పెద్దకులాలవాళ్ళు మాట్లాడితే మనం ఒప్పుకోలేదు. ఆ పనే మనం ఇంకొకరికి చేయొద్దు.

వినికిడి మిషన్ పెడితే, చెవిలో కాక్లియర్ ఆపరేషన్ చేస్తే సరిపోదా అని అవ్వలు, నాయినలు అడుగుతరు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ కింద చిన్నపిల్లలకు ఈ ఆపరేషన్లు అయినయి, కొందరికి మాట వచ్చింది. మేం వద్దనటం లేదు. కానీ ఆపరేషన్‌తోనే పని అయిపోదు. తర్వాత ఏండ్లతరబడి మాట నేర్పాలె, బయట పెట్టే మిషన్ చెడిపోతే బాగు చేయించాలె. కూలికి పోయే తల్లికి అది చిన్న పని గాదు. మొదటి ఐదేండ్లలో ఏదో ఒక భాష బిడ్డ బుద్ధికి అందాలె. అప్పుడు అందకపోతే తర్వాత చదువు అంతా కుంటుతది. చెవికి మిషన్ పెట్టుండ్రి, చేతులను మాత్రం కట్టేయకుండ్రి. రెండూ నడవనియ్యాలె.

ఇగ మనం చేయాల్సిన పనులు.

ఒకటి: ప్రతి వాడలో బధిరులు ఎంతమంది, వయసెంత, బడి ఉన్నదా, సర్టిఫికెట్ ఉన్నదా అని ఇల్లిల్లూ తిరిగి రాయాలె.

రెండు: పుట్టిన బిడ్డకు నెల లోపల వినికిడి పరీక్ష అడగాలె. అనుమానం ఉంటే మూడు నెలలకు తేల్చుకోవాలె, ఆరు నెలలకు సాయం మొదలు కావాలె.

మూడు: ప్రతి మండలం నుంచి ఇంటర్ పాసైన ఇద్దరిని, అందులో ఒక ఆడపిల్లను, దుబాసి చదువుకు పంపాలె. ఇంట్లో బధిరులున్న పిల్లలకు మొదటి వరుస ఇయ్యాలె. వాళ్ళ చేతులకు సగం మాట ముందే వచ్చి ఉంటది.

నాలుగు: అత్యాచారం కేసులో బాధితులు, సాక్షులు బధిరులైతే దుబాసి వచ్చేదాకా వాంగ్మూలం మీద వేలిముద్ర పెట్టొద్దు. దరఖాస్తు రాసి నకలు మీద స్టాంపు వేయించుకోవాలె.

ఐదు: మన సభలకు బధిరులను పిలవాలె. ముందు వరుసలో కూర్చోబెట్టాలె, మాట్లాడేవాళ్ళ మొహం మీద, దుబాసి చేతుల మీద లైటు ఉండాలె. కరెంటు పోతే మనకు మైకు ఒక్కటే పోతది, వాళ్ళకు సభంతా పోతది. పిలవాలంటే భుజం తట్టాలె, కాదంటే చెయ్యి ఊపాలె. వాళ్ళకు చప్పట్లు అంటే రెండు చేతులు పైకెత్తి ఆడించుడు. మన డప్పు మోగితే వాళ్ళు కూడా అడుగేస్తరు. ఆ దెబ్బ వాళ్ళకు ఎదురొమ్ముల తెలుస్తది.

ఆరు: భారతీయ సంకేత భాష ఇయ్యాల్టికీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో లేదు. గుర్తింపు కావాలని బధిరుల సంఘాలు అడుగుతున్నయి. వాళ్ళు వరంగల్ కలెక్టరాఫీసు ముందు కూర్చున్ననాడు మన జెండా కూడా అక్కడ ఉండాలె.

అన్నలారా, ఈ కోట రాతి తోరణం ఇప్పుడు రాష్ట్ర చిహ్నంలో ఉన్నది. శాసనాల్లో రాజుల పేర్లున్నయి, రాయి కొట్టిన, మోసిన చేతుల పేర్లు లేవు. చేతులకు మాట ఉంటదని ఈ దేశం ఒప్పుకోవటానికి చాన కాలం పట్టింది. ఇప్పుడు ఆ మాట నేర్చుకునే కోర్సు ఉన్నది, చట్టం ఉన్నది, పోస్టులు ఉన్నయి. దరఖాస్తు పెట్టే పిల్లలు కావాలె. ఈ సమావేశం అయిపోయినంక కార్యకర్తల దగ్గర పేర్లు రాయించుండ్రి. వాడలో ఉన్న బధిరుల పేర్లు ఒక కాగితం మీద, చదువుకు పోయే పిల్లల పేర్లు ఇంకో కాగితం మీద. రెండు కాగితాలూ నింపినంకనే ఇక్కడి నుంచి లేద్దాం.

జై భీమ్!